ఎడమ పెదవి

ఉదయం పది గంటలకు ఆస్పత్రి వరండాలో, బ్యాండులో క్లారినెట్ ఊదే మనిషి ఆపరేషన్ వద్దన్నాడు. చెవి కింద లాలాజల గ్రంథిలో గడ్డ ముఖం నరాన్ని పట్టేసిందని డాక్టరు చెప్పాడు. అదే బ్యాండులో డ్రమ్ము వాయించే బావమరిది పక్కన కూర్చున్నాడు.

“నరం తీసేస్తే పెదవి బిగియదటరా. ఇక నేనెవరికి కావాలి?”

“మా అక్కకి. నీ పాట ఆవిడ ఎప్పుడు విన్నది గనక.”

“ఊదేవాళ్లకి బుగ్గ ఉబ్బుతుంది. మా నాన్నకి లేదా?”

“ఆయనకి రెండు పక్కలా, మెత్తగా ఉండేది. నీది ఒక్క పక్కే, రాయిలా ఉంది. నొప్పి లేదు కదా అని ఆరేళ్లు మనమే మురిసిపోయాం. ఇప్పుడు రెండు నెలల్లో రెట్టింపయింది బావా.”

“కోయించుకోను. ఇంకొన్నాళ్లు ఊదుకోనీ.”

“అయితే ఇప్పుడు ఊదు.”

బావ సంచిలోంచి క్లారినెట్ తీసి నోట పెట్టుకున్నాడు. ఎడమ పక్కనుంచి గాలి పోయింది. ఎడమ కన్ను మూతపడక నీరు కారింది.

“మళ్లీ ఊదు.”

మళ్లీ గాలే వచ్చింది.

“ఎప్పటినుంచి బావా?”

“పోయిన ఊరేగింపు నుంచి. నువ్వు గట్టిగా వాయిస్తుంటే ఎవరికీ తెలియలేదు.”

బావ క్లారినెట్ బావమరిది ఒళ్లో పెట్టి, డాక్టరు గదిలోకి వెళ్లాడు.