గడ్డిమోపు పిటిషన్

పొద్దున్నే టైపిస్టు వకీలు ఆఫీసుకి పరుగెత్తుకొచ్చింది. ముసలి గుమస్తా అప్పుడే తాళం తీస్తున్నాడు.

“కొంప మునిగింది బాబాయ్! నిన్న మన దగ్గరికొచ్చిన ఆ తల్లి కొడుక్కి ఇంగ్లీషు పిటిషన్లో బెయిల్ (bail) అడగబోయి, bale అని కొట్టి గడ్డిమోపు అడిగాను. దాణా కొట్లో ఆరేళ్లు బిల్లుల మీద ఆ బేల్ టైపు కొట్టికొట్టి చేతికి అదే అలవాటైపోయింది. పలికితే రెండూ ఒకటేగా!”

“ఆయాసపడకు.” గుమస్తా లోపలికెళ్లి సొరుగు లాగి కాగితం తీశాడు. “ఇదిగో నీ గడ్డిమోపు.”

“సొరుగులోనే ఉందా? కోర్టుకి పంపలేదా?”

“సాయంత్రం కొట్టిన కాగితాన్ని పొద్దున మళ్లీ చదవందే గడప దాటనివ్వను.”

ఆమె కుర్చీలో కూలబడింది. “అమ్మయ్య! ఇదెప్పటి అలవాటు బాబాయ్?”

“నా మొదటి తప్పుని ఆపినవాళ్లు లేరమ్మా. దానివల్ల ఒకడు నెల రోజులు ఎక్కువ జైల్లో ఉన్నాడు. కోర్టుకింకా టైముంది, సరిచేసి మళ్లీ కొట్టు. ఆ తల్లి కొడుకైనా సాయంత్రానికి ఇంట్లో ఉండాలి.”