మోకాళ్ల మొక్కు

హలో… ఆ, నేనేనక్కా. లూమింగ్‌ని.

…లేదు, ఇంకా చెయ్యలేదు. ఆసుపత్రిలోనే ఉన్నా. బట్టలు తీయించి గౌను కట్టి మంచం మీద పడుకోబెట్టారు. వెనకంతా గాలి ఆడుతోంది.

…భయం కాక మరేంటి.

…నెస్టరా? కాఫీ తెస్తానని పోయాడు. కొడుకు కదా, పక్కన కూర్చుంటాడనుకున్నా. తోట వేసి, గింజలు కోసి, అప్పుడు కాచి తెస్తున్నట్టున్నాడు.

…తిన్నాననే అనుకో. పాందెసల్ రొట్టె ఒక్క ముక్క కొరికా. మిగతాది కాగితంలో చుట్టి పెట్టా.

…ఆ, డాక్టరమ్మ చెప్పింది. చిన్నపిల్ల, నా మనవరాలంత ఉంటుంది. మోకాలి చుట్టూ మూడు చోట్ల సూది గుచ్చుతుందట. అరిగిన కీలు అరిగినట్టే ఉంటుందట, నొప్పిని మోసుకుపోయే నరాలు మాత్రం మొద్దుబారతాయట. ఇవాళ ఊరికే పరీక్షకి. పనిచేస్తే తర్వాతోసారి ఆ నరాల్ని వేడితో కాల్చేస్తారట. ఇక నెలల తరబడి నొప్పి ఉండదంట.

…మంచిదే. ఎవరు కాదన్నారు.

…కాదక్కా. నా భయం సూదికి కాదు.

…నీకు తెలుసుగా. నెస్టర్ చిన్నప్పుడు ఆ డెంగీ జ్వరం… ముక్కులోంచి రక్తం… అప్పుడే కదా మొక్కుకున్నా. వాడు బతికున్నంత కాలం నెలనెలా మొదటి శుక్రవారం చర్చి గుమ్మం దగ్గర్నుంచి నల్ల ఏసయ్య విగ్రహం పాదాల దాకా మోకాళ్ల మీద వస్తానని.

…ఒక్క నెల మానలేదు. మొన్న కూడా పోయా. ఏడ్చుకుంటూ పోయా.

…అదే నేననేది. నొప్పి ఉంటేనే కదా అది మొక్కు. నొప్పి తీయించుకుని పోతే, ఖాళీ పళ్లెం మీద గుడ్డ కప్పి ఆయన ముందు పెట్టినట్టు కాదూ? ఆయనకి కోపం వచ్చి, ఇచ్చింది వెనక్కి తీసుకుంటే? వాడేమో రోజంతా ఆ జీప్నీ బండి నిండా జనాన్ని కుక్కుకుని లారీల మధ్య నడుపుతూ…

…నవ్వకు.

…అందుకే ఒకటి అనుకున్నా. తిట్టకూడదు మరి… డాక్టరమ్మకి చెప్పేశా. కుడి మోకాలికే చెయ్యమని. ఎడమది వదిలెయ్యమని.

…అంటే ఏముంది. ఒకటి నాకు, ఒకటి ఆయనకి.

…తిట్టొద్దన్నానా.

…బేరమే అనుకో. ఇన్నేళ్లు బజార్లో చేపలు అమ్మినదాన్ని, ఇంకేం వచ్చు నాకు.

…డాక్టరమ్మ ఏమంటుంది. ఎడమదే ఎక్కువ అరిగింది కదమ్మా అంది. తెలుసమ్మా అన్నా. తక్కువ నొప్పి ఉన్నదాన్ని ఆయనకి ఎలా ఇస్తాను?

…ఏంటక్కా? చెప్పు. ఎందుకాగిపోయావు?

…నెస్టర్ నీకు ఫోన్ చేశాడా? ఇప్పుడా?

…చర్చిలోనా? వాడా? పెళ్లిళ్లకి తప్ప ఆ గడప తొక్కడే.

…మోకాళ్ల మీద.

…ఎందుకు? నాకేమైందక్కా? డాక్టరమ్మ వాడితో ఏం చెప్పింది? మీరిద్దరూ ఏదో దాస్తున్నారు నా దగ్గర. నేను లేచి పోతున్నా, ఇదిగో దిగుతున్నా—

…సరే. సరే, వింటున్నా.

…

…వాడికి భయమా? నా గురించా? పొద్దున్న దారంతా జోకులే వేశాడక్కా. అమ్మకి కొత్త టైర్లు వేయిస్తున్నా అని…

…బూట్లు విప్పాలా అని అడిగాడా నిన్ను?

…లేదు. ఏడవట్లేదు.

…ఇవాళ శుక్రవారం కూడా కాదు, పిచ్చోడు.

…ఏమన్నాడు? మళ్లీ అను.

…"నా ప్రాణానికి నా మోకాళ్లు చాలు, ఇక అమ్మవి అక్కర్లేదు" అన్నాడా.

…వద్దక్కా, ఆపు వాణ్ణి. అంత బరువు మనిషి, వాడి మోకాళ్లూ ఇలాగే అయిపోతాయి. మీ ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి చెయ్యి… ఎత్తట్లేదా?

…ఒక్క నిమిషం నర్సమ్మా. అక్కా, మంచం తోసుకుపోతున్నారు. విను. వాడు ఎత్తితే చెప్పు. ప్యాంటు పైకి మడుచుకోమను, లేకపోతే కింద ముడతపడి కోస్తుంది. సగం దారిలో ఫ్యాను గాలి తగులుతుంది చూడు, అక్కడ నేల మీద ఒక బండ అంచు లేచి ఉంటుంది. కంటికి కనపడదు. నా ఎడమ మోకాలికి తెలుసు. కాస్త కుడిపక్కగా పొమ్మను.

…మర్చిపోకు.

…భయం తగ్గలేదక్కా. పెట్టెయ్యకు. వాళ్లు ఫోన్ లాక్కునే దాకా ఉండు…

…ఏంటమ్మా? ఏ మోకాలికా?

…రెండిటికీ.