నిన్న వచ్చిన ఫోను

కలకత్తా చాందినీ బజారులో ఫోన్లు బాగుచేసే కుర్రాడి బల్ల ముందు సుప్రభ మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఈ ఫోనుకి ఇది నువ్వు వేసిన మూడో తెర, నాయనా. ఇదైనా నిలుస్తుందా?"

"నిలుస్తుంది మాషీమా," అన్నాడు కుర్రాడు, బెంగాలీలో పిన్నిగారని పిలుస్తూ. "ఇక దానంతటది నొక్కుకుని ఎవరికీ ఫోను చెయ్యదు."

"పోయినసారీ ఇదే మాటన్నావు. ఇంటికెళ్ళేలోగా చేపలవాడికి రెండుసార్లు చేసింది."

అంతలో ఫోను మోగింది. సిలిగురి నుంచి అక్క. తల్లి పోయినప్పుడు మాటామాటా అనుకుని విడిపోయాక ఇద్దరి మధ్యా పలకరింపుల్లేవు. సుప్రభ ఎత్తింది.

"నిన్న మధ్యాహ్నం ఫోను చేశావుగా. ఎందుకో కనుక్కుందామని," అంది అక్క.

సుప్రభ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"చూశావా నీ పనితనం? నిన్న మా అక్కకి చేసిందట. ఇప్పుడేం చెప్పను?"

"నిన్నంతా బ్యాటరీ ఊడదీసి నా సొరుగులోనే పెట్టాను మాషీమా. అదెలా చేస్తుంది?"

"మరి ఎవరు చేసినట్టు?"

"ఎవరూ చేసుండరు."

సుప్రభ చెయ్యి తీసి ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుంది. అవతల అక్క ఇంకా ఫోను పెట్టెయ్యలేదు, ఊపిరి వినిపిస్తూనే ఉంది.

"అవును దీదీ, నేనే చేశాను," అంది సుప్రభ. "ఎత్తలేదేం మరి?"