నలభై తొమ్మిది కిలోలు

మళ్ళా అదే మాట అంటారేంది సార్? ఈడికొచ్చి గూడా అదేనా? మా నాయన పోయి పదకొండు దినాలు గూడా కాలే. చెప్పులిడిచి, ఫోటోకు దండం పెట్టి, కుర్చీలో కూచున్నారు. కూచోంగానే, "మీ నాయన మంచోడేమ్మా శోభనా, ఆ ఒక్క మొండితనమే" అంటారు.

కోపం కాదు సార్. లేవద్దండి. మీరు వచ్చిందే చానా. స్కూల్లో చెప్పిన అయ్యవార్లలో వచ్చింది మీరొక్కరే.

అమ్మ లోపల పండుకొని ఉండాది. చెల్లెలు భూమిక నాయన డెత్ సర్టిఫికెట్ పని మీద కృష్ణగిరికి పోయింది. వచ్చే బస్సుకు దిగుతాది. అంతలోపల ఒక మాట చెప్పనీండి.

నాయన నన్ను కుస్తీకి యాడ వద్దన్నాడు సార్?

అవును, మీ ఎదురుగానే చెప్పినాడు. నేనూ విన్నాను, ఈ గడప కాడ నిలబడే విన్నాను. కానీ అది నిజం కాదు.

మొదట నన్ను కుస్తీలోకి తీసుకున్నది మీరే గదా. తొమ్మిదో క్లాసులో. బెంచీలు మోస్తా ఉంటే చూసి, ఈ పాపకు నడుము బలం ఉండాది అన్నారు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ తిట్టింది. నాయన ఒకటే అడిగినాడు, పడితే దెబ్బ తగలదా అని. మ్యాట్ ఉంటాది నాయనా అన్నాను. సరే అన్నాడు.

ఆ ఆదివారం తాను పనిచేసే గులాబీల గ్రీన్‌హౌసులో లీవు పెట్టి బెంగళూరుకు పోయినాడు. కుస్తీ షూ తెచ్చినాడు. ఒక సైజు పెద్దది. ముందర బట్ట కుక్కి వేసుకునేదాన్ని, మీరు గూడా నవ్వినారు ఒకసారి. కుస్తీ వద్దనేవాడు షూ కోసం బెంగళూరు దాకా పోతాడా సార్?

కుస్తీ డ్రెస్సు సంగతి చెప్తాను. ఒంటికి అతుక్కునే డ్రెస్సు. మీరిచ్చిన రోజు సంచిలో అడుగున పెట్టుకొచ్చి, మూడు దినాలు చూపించలే. నాకే సిగ్గు. నాలుగో దినం తాడు మీద ఆరేసింటే నాయనే చూసినాడు. రెండు వేళ్ళతో లాగి చూసినాడు. "అవతలోళ్ళకు పట్టు దొరకకూడదని ఇట్ల కుట్టినారా?" అన్నాడు. అంతే. డ్రెస్సు గురించి ఆయప్ప నోట్లో నుంచి వచ్చింది జన్మలో అదొక్క మాట.

ఎరువు సంచుల్లో రాగి గడ్డి కూరి, ఇంటెనక పరిచినాడు. సాయంత్రం పనినుంచి వచ్చి, పురుగుల మందు కొట్టిన చేతులని సోపు పెట్టి రెండుసార్లు కడుక్కొని, నా ఎదురుగా వొంగి నిలబడేవాడు. కాళ్ళు పట్టి ఎత్తెయ్యి అనేవాడు. నలభై ఐదేండ్ల మనిషి. ఎత్తేసేదాన్ని. పడి, లేచి, మళ్ళా నిలబడేవాడు. భూమిక గోడ మీద కూచొని ఎన్నిసార్లు పడినాడో లెక్క చెప్పేది.

పదో క్లాసులో చైత్ర వచ్చింది. బాగలూరు నుంచి మన స్కూలుకు మారింది, మీకు గుర్తుండాది గదా. ఎట్ల మరిచిపోతారులెండి.

ఆ పాపా నలభై తొమ్మిది కిలోలు, నేనూ నలభై తొమ్మిది.

మీకు సంతోషం, ఒకే బరువులో ఇద్దరు దొరికినారని. మమ్మల్ని దినామూ జోడీ వేసేవారు. ఆరు నెలలు సార్. ఆరు నెలల్లో ఒక్కసారన్నా నేను గెలిచింది చూసినారా? నేను కాలు పట్టేలోపల ఆ పాప నా ఎనక ఉండేది. రెండు భుజాలూ మ్యాటుకు అతుక్కొని, పైన ఆ పాప ముఖం. లేచినాక చెయ్యిచ్చి లేపేది. దెబ్బ తగిలిందా శోభనా అని అడిగేది. మంచి పాప. దాంతోనే నాకు ఇంకా కష్టమయ్యేది.

ఒక బరువుకు పోటీకి ఒక్కరే పోయేది. ఆ ఒక్కరు ఎవరో మీకు చెప్పే పనే లే. యాభై మూడు కిలోలకు బరువు పెంచుకో అన్నారు. తిన్నాను, రాలే.

అప్పుడే హోసూరు నుంచి సుగంధి మేడమ్ వచ్చింది, జూడో చూపించేదానికి. నాకు నచ్చింది సార్, అబద్ధం ఎందుకు. జూడో కోటు పట్టుకుంటే చేతికి ఏదో ఒకటి దొరికినట్ల ఉండె. కానీ నచ్చింది దానికే కాదు. జూడోలో నలభై ఎనిమిది కిలోల క్లాసు. ఆ ఏడు మన జిల్లాలో ఆ బరువుకు ఇంకొక్క పాపే ఉండాదని మేడమ్ చెప్పింది. అదీ కొత్తదంట. ఒక్క కిలో తగ్గితే చాలు, స్టేట్‌కు పోవచ్చు. సర్టిఫికెట్ వస్తాది. కాలేజీ సీటు వస్తాది.

మీరు వారం టైమిచ్చినారు. కుస్తీ అయినా సరే, జూడో అయినా సరే, ఒకటి తేల్చుకో, రెండింట్లో కాళ్ళు పెడితే రెండూ రావు అన్నారు.

వారమంతా ఏం ఆలోచించినానో తెలుసా? జూడోకు పోదామా వద్దా అని కాదు. అది మొదటి దినమే తేలిపోయింది. మీకు ఏమని చెప్పాలా అని. మా ముందర క్లాసులో ఒక పిల్లోడు కుస్తీ ఇడిచి కబడ్డీకి పోయినాడు. వాడు కనపడితే చాలు, భయపడినోడు వస్తా ఉండాడు అనేవారు మీరు, అందరి ముందర. నేను చైత్రకు భయపడినాను సార్. ఆ మాట మీ ముందర చెప్పలేకపోయినాను.

సోమవారం వచ్చి, ఇంట్లో ఒప్పుకోలే సార్, ఆ డ్రెస్సు వద్దంటాడు మా నాయన అన్నాను.

మీరు ఒక్క ప్రశ్న గూడా అడగలే. గ్రీన్‌హౌసులో మందు కొట్టే కూలోడు, అట్లనే అంటాడు అనుకున్నారు. మిమ్మల్ని తప్పు పట్టేదానికి చెప్పడం లే. మీరు నమ్ముతారని నాకు తెలుసు. తెలిసే ఆ మాట ఏరుకున్నాను.

మీరు ఇంటిదాకా వస్తారని మాత్రం తెలీదు.

శనివారం. నాయన ఈడనే కూచొని మందు కొట్టే డబ్బా బెల్టు కుడతా ఉండాడు. మీరు బండి స్టాండ్ గూడా సరిగా వేయలే. పక్కింటోళ్ళు, ఎదురింటోళ్ళు అందరూ బయటికి వచ్చినారు. ఏ కాలంలో ఉండావప్పా అన్నారు. కూతురి ఒంటిమీద బట్ట చూస్తావు, దాని ఆట చూడవా అన్నారు. ఇంకా చానా అన్నారు. అన్నీ నాకు గుర్తుండాయి, మళ్ళా ఎందుకులెండి.

నాయనకు మొదట అర్థం కాలే. మిమ్మల్ని చూసినాడు. తరువాత నన్ను చూసినాడు. నేను గడప కాడ నిలబడి ఉండాను. తల ఊపలే, తిప్పలే, ఏమీ చేయలే. ఊరకే నిలబడినాను.

సూది బెల్టుకు గుచ్చి, లేచి, చేతులు కట్టుకున్నాడు.

"అవును సార్. నేనే వద్దన్నాను."

అంతే అన్నాడు. మీరు పోయేదాకా అట్లనే నిలబడినాడు. భూమిక మెట్టు మీద కూచొని ఉండింది. ఆరో క్లాసు. అంతా వినింది.

మీరు పోయినాక అడుగుతాడని చూసినాను సార్. అన్నం తినేటప్పుడు అడుగుతాడనుకున్నాను. పొద్దున అడుగుతాడనుకున్నాను. అడగలే. మర్నాడు సాయంత్రం సంచులు పరిచి, మా తళి ఊళ్ళో చలికి వేసుకునే పాత స్వెట్టర్ వేసుకొని వచ్చి నిలబడినాడు. జూడోలో యాడ పట్టుకుంటారు అని అడిగినాడు. కాలరు, చెయ్యి చూపించినాను. మెడ వొంచినాడు. ఆ స్వెట్టర్ మెడ సాగి సాగి, భుజం మీద నుంచి జారేది కడకు.

జూడోలో ఏం సాధించినానా? జిల్లాలో గెలిచినాను. స్టేట్‌లో మొదటి బౌట్‌లోనే పోయింది, నిమిషం గూడా కాలే. సర్టిఫికెట్ వచ్చింది, సీటు వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్లో ఉండాను. చైత్ర రెండు మెడల్స్ తెచ్చింది, పోలీసులో చేరింది. మీకు తెలిసిందే.

ఇంతే అయింటే నేను నోరు తెరిచేదాన్ని కాదు సార్. ఆయప్ప నా కోసం ఒక మాట పడినాడు, అయిపోయింది అనుకొని ఉండేదాన్ని.

భూమిక ఎనిమిదో క్లాసుకు వచ్చింది. నిజంగా కుస్తీ ఉండింది ఆ పాపలోనే. ఆ సంచుల మీద నన్ను, నన్నే సార్, తనకంటే నాలుగేండ్లు పెద్దదాన్ని, పడేసేది. నాతో జూడోకు రమ్మన్నాను. నాకు కోటు వద్దు, నేను కుస్తీనే అనింది. నాయన ఉతికిన చొక్కా వేసుకొని, ఆ పాపను తీసుకొని మీ కాడికి వచ్చినాడు.

గుర్తొచ్చిందా?

మ్యాట్ హాల్లో మీరు కుర్చీలో, ఆయప్ప నిలబడి. పెద్దదాన్ని మధ్యలో ఆపినావు, దీన్ని గూడా రెండేండ్లు నేను తయారు చేసినాక ఆపుతావు అన్నారు. "నీ ఇంటి పిల్లలు నాకు వద్దప్పా" అన్నారు.

"ఈసారి ఆపను సార్" అన్నాడు.

ఈసారి అన్నాడు సార్. అప్పుడు గూడా, చిన్నదాని బతుకు ఆడ పోతా ఉంటే గూడా, పెద్దదాన్ని పట్టియ్యలే.

నాకెట్ల తెలుసంటారా? నేను ఆడనే ఉండాను. పన్నెండో క్లాసు. హాలు బయట కొళాయి కాడ బాటిల్ పట్టుకుంటా ఉండాను. కిటికీ తెరిచే ఉండింది. నాలుగు అడుగులు వేసింటే లోపల ఉండేదాన్ని. మా నాయన కాదు సార్, నేనే, అనింటే సరిపోయేది. మీరు తిట్టేవారు. ఏం, తిట్టేవారు, అంతే గదా.

బయటికి వచ్చి ఆయప్ప నన్ను చూసినాడు. మళ్ళా ఒకే ఒక్క చూపు. నేను కొళాయి కట్టేసి, బాటిల్ మూత తిప్పుకుంటా నిలబడినాను.

బస్సులో భూమిక ఆయప్ప పక్కన కూచోలే. ఎనక సీటుకు పోయింది. ఆ దినం నుంచి ఆరేండ్లు, నాయన ఏమడిగినా రెండు మాటల్లో జవాబు. కోపమొస్తే, అంతా నీ వల్లనే అనేది. ఆయప్ప అవునమ్మా అనేవాడు. నేను అదే రూములో ఉండేదాన్ని సార్. కంచం కడుగుతానో, తల దువ్వుకుంటానో.

నాయన నాతో ఆ సంగతి ఒక్కసారే ఎత్తినాడు. ఎత్తినాడని గూడా అనలేను. నా ఫ్యాక్టరీ మొదటి దినం, కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండాం. ఉన్నట్లుండి, "చైత్ర బాగుండాదా?" అని అడిగినాడు. బాగుండాది అన్నాను. అట్లనా అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కినాను.

నేను ఇంట్లో ఎప్పుడూ చైత్ర పేరెత్తలే సార్. నేను కుస్తీ ఎందుకు ఇడిచినానో ఎవురినో అడిగి తెలుసుకున్నాడు. ఎప్పుడు తెలుసుకున్నాడో, ఎన్నేండ్లు మనసులో పెట్టుకున్నాడో.

గులాబీ వరసల మధ్యలో పడిపోయినాడు, పొద్దున తొమ్మిదికి. మేము పోయేలోపలే అయిపోయింది. ఈడికి తెచ్చినప్పుడు నేను కింద పడి ఏడ్చినాను. భూమిక గోడకు ఆనుకొని నిలబడింది, ఒక్క చుక్క రాలే. ఊరంతా చూసింది. పెద్దదానికే నాయనంటే ప్రేమ జాస్తి అన్నారు. నేను విన్నాను, ఊరకే ఉండిపోయినాను. అలవాటే గదా.

మీరెందుకు తల దించుకుంటారు సార్. మీరు నమ్మింది నేను చెప్పిందే.

ఏమి? భూమికకు చెప్పద్దంటారా? ఆయప్ప పోయినాడు, ఇప్పుడు చెప్తే ఆ పాపకు అక్క గూడా లేకుండా పోతాదంటారా.

నిజమే. అది నేనూ ఆలోచించినాను. ఆరేండ్లు ఇట్లాంటివే ఆలోచించినాను. ప్రతిసారీ నాకు బాగుండే జవాబే వచ్చేది.

బస్సు నిలబడింది. అది ఆ పాపే, నీలం చున్నీ.

రా భూమికా. దొరికినాయా కాగితాలు? సరే, రేపు పోదాములే. సార్ వచ్చినారు, నాయన్ను తలుచుకొని. ఎవురో తెలుసు గదా నీకు. ముఖం అట్ల పెట్టుకోవద్దు, సార్ మీద కాదు నువ్వు కోపం చేసుకోవాల్సింది.

లోపలికి పోవద్దు. ఈడ కూచో, నా ఎదురుగా. తరువాత చెప్తానంటే కుదరదు. ఈ పది దినాలుగా నాకు భయమూ సిగ్గూ ఏమీ అనిపించడం లే. మళ్ళా అనిపించేది మొదలైతే నాకు నోరు రాదు.

కూచో.