మొగులయ్య కుట్టిన ముప్పావు కిలో డేరా

"ఎక్కువ చెప్తే కోతలు కోస్తున్నడంటరు, అందుకే నేను జర తక్కువ చేసే చెప్త," అని మొగులయ్య షురూ చేసిండంటే, శివమ్మ ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెడ్తది. ఇగ గంట దాక ఎవ్వరు లేవరని ఆమెకెరుకే.

శంషాబాద్ నుంచి కొత్వాల్‌గూడ పోయే తొవ్వల ఉంటది శివమ్మ చాయ్ బండి. ఆ దినం సాయంత్రం నాలుగు కొట్టంగ మేమందరం ఆడనే ఉన్నం. మొగులయ్యది టెంట్‌హౌజ్. ముప్పై ఏండ్ల సంది పెండ్లిళ్లకు షామియానాలు కుట్టి కిరాయికిస్తడు. అడుగడుగుకు ఫంక్షన్ హాళ్లు లేచినంక గిరాకి పడిపోయింది, షామియానాలు మూటలు గట్టి అటుక మీద పడేసిండు. గసొంటి టైంల సరిత వచ్చింది. ఎయిర్‌పోర్టుల సామాన్లు జోకే కౌంటర్ మీద పనిచేస్తది ఆ పిల్ల. నల్లమల అడవిల మూడు దినాలు వీపున సంచేసుకొని నడువనీకి పోతున్న, దుకాణంల డేరాలు కొననీకి పిరం, మొయ్యనీకి బరువు, నువ్వు తేలికది ఒకటి కుట్టిస్తవా కాకా అని అడిగింది. పోయినేడు ఎవరిదో పాత డేరా తీస్కపోయి, వానకు నిలువున తడిసి, పది దినాలు జ్వరంతోని మంచం పట్టింది పాపం. ఈసారి తడువొద్దు, నడుం విరగొద్దు, అదొక్కటే ఆమె పట్టు. మంచిగ కుదిరితే తన తోటి ఎనిమిది మంది కూడ నీ కాడనే కుట్టించుకుంటరని చెప్పింది. రేపు తెల్లారంగ ఐదింటికి బస్సు.

మొగులయ్య చిన్న మూట తెచ్చి బల్ల మీద పెట్టిండు. సొరకాయంత లేదు.

"నువ్వు ఇప్పి నిలబెట్టి చూస్కో బిడ్డా. అందాక నేను దీని ముచ్చట చెప్త. ఏం పెద్ద ముచ్చట కాదు. బట్టనేమో కొత్తూరుల రెయిన్‌కోట్లు కుట్టే కార్ఖానల మిగిలిన తునకలు, దోమతెర మా ఇంట్లదే, దానికోసం మా ఇంటామె భాగ్యమ్మ ఇప్పటికీ లొల్లి పెడ్తనే ఉన్నది, మేకులకు పాత సైకిల్ పుల్లలు వంచిన, కింద పరుసుకోనీకి కారు అద్దానికి ఎండ తగలకుంట పెడ్తరు సూడు, ఆ వెండిరంగు అట్ట, భూమి సల్లదనం వీపుకు రానియ్యది, ఇగ గుంజలంటవా, గుంజలే లేవు, నడిచేటప్పుడు పట్టుకునే చేతికర్రలే రెండు దిక్కుల బయట పాతి తాడు గుంజితె డేరా నిలబడ్తది. అన్ని కలిపి ముప్పావు కిలో. మందికిచ్చే ముందుగాల నేను పండుకొని చూడాలె గద, అందుకని మొన్న శనివారం హిమాయత్‌సాగర్ కట్ట దిక్కు పోయి ఒక్క రాత్రి దీంట్ల పండుకొని వచ్చిన. గంతే."

"ఇప్పటిదాక మంచిగనే ఉన్నది," అన్నడు కుర్మయ్య. ఆయన పాలకూర, కొత్తిమీర పండిస్తడు, మొగులయ్య ముచ్చట్లు విని విని తల నెరిసినోడు.

సరిత మూట, తను తెచ్చుకున్న చేతికర్రలు తీస్కొని బండి పక్కన ఖాళీ జాగలకు పోయింది.

"ముప్పావు కిలో అని ఊకెనే అన్ననే. నిజంగ జోకితే అంత కూడ లేదు. ఎయిర్‌పోర్టుకు తీస్కపోయి సామాన్ల కాంట మీద పెట్టిన..."

"నా కౌంటర్ కాడికి ఎప్పుడొచ్చినవ్ కాకా?" ఆడికెళ్లే అడిగింది సరిత, సైకిల్ పుల్ల భూమిల దిగగొట్టుకుంట.

"నువ్వు సెలవుల ఉన్న దినం వచ్చిన బిడ్డా, ముచ్చటకు అడ్డం రాకు. కాంట మీద పెడ్తే సున్నా చూపెట్టింది. ఆడున్నాయన పరేషాన్! కాంట ఖరాబైందని చెయ్యి పెట్టి చూసిండు, చెయ్యి బరువు చూపెడ్తనే ఉన్నది. మళ్ల నా డేరా పెట్టిండు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? సున్నాకు కిందికి పోయింది! ఇగ ఆయన లేచి నిలబడి, కాకా, బరువు ఎక్కువైతే మేము పైసలు తీస్కుంటం, నీకైతే మేమే ఎదురియ్యాలె అన్నడు. నాకెందుకు నాయనా మీ పైసలు అని వచ్చిన."

"అట్ల ఇడిసిపెట్టొస్తివా అన్నా, నాకన్న ఇప్పియ్యకపోయినవ్," అన్నది శివమ్మ, గ్లాసులల్ల చాయ్ పోసుకుంట.

"ఊకో చెల్లె. శనివారం ముచ్చట చెప్పనియ్యి. నేను డేరా ఏసి అట్ల నడుం వాల్చిన్నో లేదో, ఉరుములు మెరుపులు. వాన అంటే వాన కాదది, ఎవరో మీద నిలబడి కాగులకు కాగులు గుమ్మరిస్తున్నట్టే."

"మొన్న శనివారమా?" కుర్మయ్య గ్లాసు కింద పెట్టిండు. "నా పాలకూర మీద ఒక్క చుక్క పడలే తమ్మీ. మోటరేసి పారిచ్చుకున్న."

"నీ పాలకూర మీద ఎందుకు పడ్తదన్నా? మొత్తం నా డేరా మీదనే పడె! నేను లోపల పొడి పొడిగ పండుకున్న, అంగికి చెమ్మ తగిలితే ఒట్టు. నా డేరా మీదికెళ్లి జారిన నీళ్లకే సాగర్ నిండి గేటు ఎత్తిండ్రు. తెల్లారి పేపర్ల రాలే? రాయరు. మనసొంటోళ్ల గురించి ఎవరు రాస్తరు?"

సరిత డేరా నిలబెట్టింది. నిజం చెప్పాలంటే మస్తు ముద్దుగున్నది. నీలిరంగు తునక, పచ్చ తునక, కుట్టు మీద కుట్టు, ఎక్కడ వంకర లేదు. మొగులయ్య చెయ్యి పనికి వంక పెట్టనీకి లేదు. సరిత మొకం విప్పారింది. వంగి, చెయ్యితోని బట్ట నిమురుకుంట దాని చుట్టు నడువ షురూ చేసింది.

అది చూసిన మొగులయ్యకు ఇంకింత హుషారొచ్చింది.

"వాన ఆగినంక ఇంకో కథ. బయట బుస్సు బుస్సు అని చప్పుడు. దోమతెరల నుంచి చూస్తే, ఎలుగుబంటి!"

"హిమాయత్‌సాగర్ కాడ ఎలుగుబంటా?"

"ఈడిది కాదన్నా. నల్లమలది. శ్రీశైలం రోడ్డు పట్టుకొని, కందుకూరు మీదికెళ్లి, తొవ్వ అడుక్కుంట అడుక్కుంట వచ్చింది. ముప్పావు కిలో డేరా అంట, చూసొద్దామని. వచ్చి నా డేరా చుట్టు ఒక చక్కర్ కొట్టింది. మళ్లొక చక్కర్. మూడో చక్కర్. మూతి పెట్టి చూసింది, గోరు పెట్టి చూసింది, ఎటుకెళ్లి దూరాల్నో దానికి సమజైతలేదు. ఎట్లయితది? చీమకు సందియ్యకుంట నాలుగు దిక్కుల, కిందికెళ్లి మీది దాక మూసి కుట్టిన! దోమ దూరదు, తేలు దూరదు, పాము దూరదు. పాపం ఎలుగుబంటికి ఏడుపొచ్చింది, తల పట్టుకొని నా ముందట కూలబడ్డది. నాకే జాలనిపించింది."

సరిత రెండో చక్కర్ తిరుగుతున్నది. ఈసారి నెమ్మదిగ తిరుగుతున్నది.

"ఏడ్సి ఏడ్సి దానికి కోపమొచ్చింది. డేరా తాడు పట్టుకొని ఒక్క గుంజుడు గుంజింది. సైకిల్ పుల్లలు ఊడినయ్. గప్పుడే గాలి లేచింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? డేరా మీదికి లేచె! లోపల నేను, కింద తాడుకు ఏలాడుకుంట ఎలుగుబంటి! చెట్లు దాటినం, ఔటర్ రింగ్ రోడ్డు దాటినం, కిందికి చూస్తే లారీలు అగ్గిపెట్టెలసొంటియి. ఎలుగుబంటి బరువుంది కాబట్టి ఆ ఎత్తుల ఆగినం, లేకపోతే నేను ఢిల్లీల దిగుదును."

"టోల్ గిట్ల అడిగిండ్రా?" అన్నడు కుర్మయ్య.

"మీదికెళ్లి పోయేటోళ్లకు టోల్ ఉండదన్నా, గమ్మతి చేయకు. నేరుగ ఎయిర్‌పోర్టు మీదికి పోయినం. టవర్ల ఉన్న సారు మైకుల అడుగుతుండు, నీ నంబరేంది, నీ నంబరేంది అని. మొగులయ్య టెంట్‌హౌజ్, బోర్డు మీద నంబరున్నది, చూస్కో సార్ అన్న. ఇంకో రెండు చక్కర్లు కొట్టు, నీ ముందట దుబాయి విమానం దిగాలె అన్నడు. సరేనని కొట్టిన. దుబాయి విమానం పక్కకొచ్చింది, నడిపేటాయన కిటికి దించి..."

"విమానం కిటికి దించిండా!" శివమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"దించిండే! దించి, మొగులన్నా, వచ్చే నెల మా మరదలిది ఓణీల ఫంక్షన్, నాలుగు షామియానాలు, రెండొందల కుర్చీలు కావాలె అన్నడు. గాల్లనే మాట్లాడుకున్నం. గట్లుంటది మన పేరు. ఇగ పొద్దుగాల గాలి పడిపోయి కందుకూరు బస్టాండు ముందట దిగినం. డేరా మడిచి అంగి జేబుల పెట్టుకొని, నేను, ఎలుగుబంటి, ఇద్దరం బస్సెక్కినం. అది ఆడది. ఆడోళ్లకు టికెట్ లేదు గద. కండక్టర్ ఆధార్ కార్డు చూపెట్టమన్నడు. చూపెట్టింది..."

"కార్డున్నదా దానికి!"

"ఉన్నది గాని, ఫోటోల చిన్నప్పటి మొకం. కొత్త ఫోటో దిగి రమ్మన్నడు కండక్టర్. అది గొణుక్కుంట దిగి నల్లమల దిక్కు పోయింది. పోయేటప్పుడు నాకు దండం పెట్టి, అన్నా, మా అడవిల నీ డేరా ఏసుకొని ఎవరు పండుకున్నా వాళ్ల జోలికి పోనని మాటిచ్చి మరీ పోయింది. అందుకే సరితా, నువ్వు బేఫికర్ పో బిడ్డా! నీ తోటి ఎనిమిది మందికి కూడ చెప్పు!"

అందరం నవ్వినం. సరిత నవ్వలే. మూడో చక్కర్ అప్పుడే అయిపోయింది. మోకాళ్ల మీద కూసోని అంచు లేపి చూసింది, రాలే. దోమతెర ఎత్తి చూసింది, రాలే. లేచి, చేతులకంటిన మట్టి దులుపుకొని, బండి కాడికి వచ్చి మొగులయ్య ముందట నిలబడ్డది.

"కాకా, శనివారం రాత్రి దీంట్లనే పండుకున్నవ్ గద?"

"దీంట్లనే బిడ్డా. నా మీద ఒట్టు."

"ఎలుగుబంటి దూరలేదు, సరే. మరి నువ్వెటుకెళ్లి దూరినవ్?"

మొగులయ్య నవ్వు మొకంతోనే డేరా దిక్కు చూసిండు. చూసి లేచిండు. పోయి ముందటి దిక్కు చూసిండు, పక్క దిక్కు చూసిండు, ఎనక దిక్కు చూసిండు. నీలిరంగు తునక, పచ్చ తునక, కుట్టు మీద కుట్టు. చీమకు సందు లేదు, మనిషికి కూడ లేదు.

మా బల్ల మీద నవ్వు ఆగలే. కుర్మయ్యకైతే చాయ్ ముక్కులకెక్కి దగ్గు పట్టుకున్నది. సరిత కండ్లల్ల మాత్రం నీళ్లు తిరిగినయ్. "తెల్లారంగ బస్సున్నది కాకా. ఇగ నేనెట్ల పోవాలె? మళ్ల తడువాల్నా?" అన్నది.

ఆ మాటకు అందరి నవ్వులు బందైనయ్.

"షామియానాకు దర్వాజ ఉండది బిడ్డా," మొగులయ్య నెమ్మదిగ అన్నడు, అంత చిన్న గొంతు ఆయనకున్నదని మాకు ఎరుకనే లేదు. "ఎటు పరద లేపితె అటే దర్వాజ. ముప్పై ఏండ్లల నేనొక్కసారన్న దర్వాజ కుట్టలే. నువ్వు తడువొద్దన్నవ్, దోమ రావొద్దన్నవ్, అందుకని సుట్టూర మూసుకుంట పోయిన. పండుకోలే బిడ్డా. నేను మా ఇంట్ల మంచం మీద తప్ప యాడ పండుకోలే."

"మరి జిప్పు?" అన్నది సరిత.

"నా పాత బ్యాగుకున్నది. ఇప్పుడే పీకుత. చీకటి పడకముందు కుట్టిస్త."

"కుట్టినంక ముందుగాల నువ్వే దూరాలె. నేను బిందెడు నీళ్లు పోసి చూస్త."

కుర్మయ్యకు ఇంక ఆశ చావలే. "పొయ్యేముందు జర చెప్పిపో తమ్మీ, ఆ దుబాయాయన కుర్చీలు రెండొందలేనా, ఇంకా ఎక్కువ అడిగిండా?"

మొగులయ్య నోరు తెరిచిండు. మేమందరం ముందుకు వంగినం. ఆయన ఒకసారి డేరా దిక్కు, ఒకసారి సరిత మొకం దిక్కు చూసిండు.

"చెల్లె," అన్నడు శివమ్మతోని, "పాల ప్యాకెట్లు కోసే కత్తెర ఇటియ్యి."