ఎక్కడికని అడగని వీడ్కోలు

2009వ సంవత్సరం ఆగస్టు పదిహేడవ తేదీన, జోరువానలో తడిసిన చొక్కాతో, చేత పట్టుకున్న చెప్పులతో మన వైద్య కళాశాల శరీరధర్మశాస్త్ర విభాగంలో సహాయాచార్యులుగా చేరిన డాక్టర్ మైలపల్లి జగన్నాధం గారు, ఈ నెలాఖరున ఆచార్యులుగా పదవీ విరమణ చేస్తున్నారు. శ్రీకూర్మం దాపున ఒక తీరగ్రామంలో చేపలవేటే జీవనంగా గల ఇంట జన్మించి, అన్నగారైన గంగులు గారి కష్టార్జితంతో వైద్యవిద్య పూర్తిచేసి, గరివిడి ప్రాంతంలో కొన్నేళ్లు ప్రభుత్వ వైద్యులుగా సేవలందించి, బోధన మీద మనసుపడి ఇటు వచ్చారు. పాఠం మధ్యలో కిటికీవైపు తిరిగి మౌనంగా ఉండిపోవడం వారి అలవాటు. సార్ కునుకు తీస్తున్నారని విద్యార్థులు అనుకునేవారు. మెదడు గురించి ఆలోచిస్తున్నానని వారు సెలవిచ్చేవారు. రెండింటికీ పెద్ద తేడా లేదని కూడా వారే ఒప్పుకునేవారు.

ఆచార్య పదవి పొందిన తరువాత, మా సహోద్యోగిని డాక్టర్ షాలిని ప్రోద్బలంతో, నాడీశాస్త్రజ్ఞులు దేశదేశాల నుంచి కలిసి నేర్చుకుంటూ చర్చించుకునే ఒక అంతర్జాల వేదికలో వారు సభ్యులయ్యారు. పాఠాలు శ్రద్ధగా విన్నారు, కొత్తవారి సందేహాలెన్నో తీర్చారు. తాము మాత్రం ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు! ఎందుకని షాలిని నిలదీస్తే, "ఇంత లోకం సూస్తాదమ్మా. ప్రొఫెసర్నయ్యుండి నాకు తెలీదని రాస్తే ఏటనుకుంటారు?" అన్నారు.

అంతలో, నిరుడు, కష్టం ఇంటికే వచ్చింది. చాలారోజుల వేట ముగించుకుని మరపడవ దిగిన గంగులు గారిని సముద్రం వదల్లేదు. పడుకుంటే మంచం ఊగేది, నిలుచుంటే వాకిలి జారిపోయేది. స్కానింగుల్లో ఏమీ కనబడలేదు. తాగుడని ఊరివారు గుసగుసలాడారు. భార్య దాలమ్మ గారు గంగమ్మ తల్లికి మొక్కుకున్నారు. బస్సు కదులుతున్నంతసేపే ఆయనకు ఊపు ఆగేది. అందుకని శ్రీకాకుళంలో ఎక్కి ఆమదాలవలసలో దిగి, మళ్లీ ఎక్కి, కిటికీకి నుదురు ఆనించి నిద్రపోయేవారు. పాపం, ఆ మనిషికి అంతకన్నా మంచి పక్క లేకపోయింది.

"ఒరే జగ్గా, నేల నిలబడట్లేదురా. నాకు పిచ్చెక్కతన్నాదేటి?" అని ఆయన అడిగిన రోజున, చదివించిన అన్నకు చెప్పడానికి మన ఆచార్యుల వద్ద సమాధానం లేదు. ఆ సిగ్గు ముందు లోకపు సిగ్గు చిన్నదైపోయింది. వేదికలో తమ పేరుతోనే "నాకు తెలియదు" అని మొదలుపెట్టి, అన్న బాధనంతా రాశారు.

ఇక్కడొక ముచ్చట చెప్పి తీరాలి. వారింట, వేటకు బయలుదేరిన మనిషిని "ఎక్కడికి" అని అడగరాదు. అడిగితే ఆ పూట పడవ కదలదు, వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి కూర్చోవలసిందే. ప్రశ్న పంపబోతుండగా షాలిని వచ్చి, "సార్, ఎక్కడికి పంపుతున్నారు?" అనేసింది. అంతే! వారు చెయ్యి తీసేసి, మంచినీళ్లు తాగి, ల్యాప్‌టాప్ మూసేశారు. మేము నవ్వాము. వారూ నవ్వారు, కానీ ప్రశ్న మాత్రం మర్నాటిదాకా వెళ్లలేదు.

ఆ మరుసటి ఉదయం ఏదో చలిదేశపు పరిశోధకురాలు జవాబిచ్చారు. ఇది తెలిసిన బాధేననీ, కదిలే బండిలో నెమ్మదించడమే దీని గుర్తనీ, మెదడు పడవకు అలవాటుపడి నేలకు తిరిగి రాలేకపోతోందనీ, తగ్గించే సాధనలున్నాయనీ, అందాకా ఆయన్ని మాత్రం పడవ ఎక్కనివ్వవద్దనీ రాశారు. జగన్నాధం గారు వెంటనే ఇంటికి ఫోను చేస్తే దాలమ్మ గారు ఎత్తారు. "మీ అన్న తీరానికెలిపోనాడు బాబూ. పడవెక్కితేనే కుదురంటన్నాడు."

పాఠం ఎగ్గొట్టి, ఎవరి బండో తీసుకుని వారు తీరం చేరేసరికి పడవను నీటిలోకి నెడుతున్నారు. కేకలు అలల హోరులో కలిసిపోతున్నాయి. ఆగమంటే ఆగే మనిషి కాడు అన్న. అప్పుడు వారు మోకాలిలోతు నీళ్లలోకి దిగి, పుట్టి బుద్ధెరిగాక ఆ తీరంలో ఎన్నడూ అనని మాట అన్నారు.

"అన్నా! ఎక్కడికెల్తన్నావు?"

అందరూ కొయ్యబారిపోయారు. "మనింట పుట్టినోడివి, నీ నోటికి ఆ మాటెలగొచ్చిందిరా!" అని గంగులు గారు మండిపడ్డారు. తోటివారు తిట్టిన తిట్లు ఈ సంచికలో అచ్చువేయదగినవి కావు. అయితేనేం, పడవ వెనక్కి వచ్చింది. తడి ఇసుకలో కూర్చుని తమ్ముడు ఫోను చూస్తూ జవాబంతా తెలుగులో చెబుతుంటే, అన్న మెల్లగా చల్లబడ్డారు.

"దీనికి పేరున్నాదా?"

"ఉన్నాది అన్నా. నీలాంటోళ్లు సాలామందున్నారు."

"అయితే నాకు పిచ్చి కాదు," అన్నారు గంగులు గారు, తమ్ముడి భుజం పట్టుకుని ఏడుస్తూ.

తరువాత ఆ వేదికలోని నిపుణుల సలహాతో, మా ప్రయోగశాల గోడమీద నల్లచారల బొమ్మ నెమ్మదిగా జరుగుతుంటే, తమకు తోచే ఊపు లయకు తగ్గట్టు తల అటూ ఇటూ వాలుస్తూ గంగులు గారు సాధన చేశారు. కొన్ని నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన అక్కడి బల్లమీదే నిద్రపోయి, లేచి, పాదాలు నేలకు ఆనించి చూసుకున్నారు. "జగ్గా, నేల నిలబడ్డాదిరా" అన్నారు. ఆ మాట వేదికకెక్కితే, ఎన్నడూ చూడని దేశాలవారు సంతోషం తెలిపారు. నాటి నుంచి శనివారం మధ్యాహ్నాల్లో విభాగమంతా ఆ వేదిక ముందు చేరుతున్నాము. తెలియదని చెప్పడానికి ఇప్పుడెవరికీ బిడియం లేదు.

జగన్నాధం గారికి, వారి ధర్మపత్ని తులసి గారికి చక్కని ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలనీ, వారి కాళ్లకింద నేల స్థిరంగా ఉండి కలలు మాత్రమే ఊగాలనీ మనసారా కోరుకుంటున్నాము. విరమణ అనంతరం ఎక్కడికి అని వారిని మేము అడగము. నిజానికి అడగాలనే ఉంది. అడిగితే ఆ పూటకు ఆగిపోతారని మాకు తెలుసు. వీడ్కోలు సభలో ముందువరుసన కూర్చోబోయే గంగులు గారికీ తెలుసు. అయినా అడగము. వెళ్లి రండి సార్.