కొంగల ఫోటోల్లో చుక్కలు

మా అమ్మాయి చనిపోయిన రోజు కెమెరా తన కాలేజీ సంచిలోనే ఉంది. నాలుగు నెలల తరవాత దాన్ని భీమవరంలో రిపేరు షాపుకి తీసుకెళ్లాను. షాపాయన లెన్స్ విప్పి లోపలికి చూశారు.

"ఎవరో నోటితో ఊదారండి మాస్టారూ. లోపల బొమ్మ పడే సెన్సార్ మీద ఉమ్మి తుంపర ఎండిపోయింది."

"నేనేనండి. పుస్తకం మీది సుద్దపొడి ఊదినట్టు ఊదాను."

"గుడ్డతో తుడిచారా?"

"లేదండి."

"బతికించారు. గీత పడిపోయేది. కెమెరా బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టాలండి. పోకపోతే మందు చుక్క వేసిన స్వాబ్ పుల్లతో ఒకే వైపు, ఒక్కసారి."

"చుక్కలు ముందునుంచే ఉన్నాయండి. చెరువుల మీద కొంగల్ని తీసిన ప్రతి ఫోటోలోనూ. శుభ్రం చేయించమని అమ్మాయి ఏడాదిపాటు అడిగింది."

"మరి తేలేదేంటండి?"

"మా బడి పరీక్షలయ్యాక చూద్దామన్నాను."

ఆయన పని ముగించి లెన్స్ బిగించారు.

"అయిపోయిందండి."

"అప్పుడేనా?"

"పావుగంట పనండి. ఈ తెల్లగోడని ఒక ఫోటో తీస్తే మచ్చ పోయిందో లేదో తెలిసిపోద్ది."

"వద్దండి. దీంతో ఆఖరి ఫోటో మా అమ్మాయి తీసింది."

"నా మెమరీ కార్డు వేస్తాను లెండి."

"కార్డు గురించి కాదండి."

"తీయకపోతే ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

"తెలియక్కర్లేదండి."

ఆ ఫోటో ఇంకా తీయలేదు.